డిసెంబరు లోపు ఇంట్లో ఉన్న ఊలుతోనే కానుకలు: బెంగళూరులో ఏం అల్లితే పనికొస్తాయి?

ఊలుబుట్ట
నవంబరు 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మంచం కింద రెండు సూట్‌కేసుల నిండా ఊలు పోగైంది. సగం మా అత్తగారు అల్లగా మిగిలినది, సగం నేను డిస్కౌంటు బోర్డు చూసి ఆగలేక కొన్నది. చాలావాటికి లేబుళ్ళు లేవు. నిండు ఉండలు తక్కువ, అన్నీ సగాలూ పావులే. "ఇంకొక్క ఉండ ఇంట్లోకి వచ్చిందంటే..." అని మా ఆయన మొదలుపెట్టి వదిలేశారు. వదిలేయడమే టెన్షన్‌గా ఉంది.

క్రిస్మస్‌కి ఎదురింటివాళ్ళకి, ఆఫీసులో కొందరికి, సంక్రాంతికి హిందూపురం వెళ్ళినప్పుడు చుట్టాలకి, అన్నీ ఇందులోంచే అల్లి ఇవ్వాలని ఉంది. నిట్టు (మామూలు కుట్టు), పర్లు (తిరగేసిన కుట్టు), రిబ్బింగు (ఆ రెండూ మార్చిమార్చి అల్లే సాగే అల్లిక) వచ్చు. గుండ్రటి సూదులు ఇంకా అలవాటు కాలేదు. స్వెటర్ల జోలికి పోను. త్వరగా అయ్యేవి, ఇచ్చాక వాళ్ళు నిజంగా వాడేవి చెప్పండి. ఉంటున్నది జయనగర్‌లో.

హెబ్బాళ_బాబాయ్
నవంబరు 8, రాత్రి 9:20

మంకీ క్యాప్. బెంగళూరులో పొద్దున ఆరింటికి లాల్‌బాగ్ గేటు దగ్గర నిలబడితే మీకే తెలుస్తుంది మార్కెట్ ఎంతుందో.

రెండుసూదులు
నవంబరు 8, రాత్రి 10:05

ఏం అల్లాలో తర్వాత చూద్దాం. ముందు ఆ సూట్‌కేసుల్లో ఏ దారం ఉందో తేల్చండి. చేతికి మెత్తగా తగిలినంత మాత్రాన ఉన్ని కాదు.

లేబుల్ లేని ప్రతి ఉండ నుంచి వేలెడు ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర నిలబడి కొసకి అగ్గిపుల్ల చూపండి. అసలు ఉన్ని అయితే మెల్లగా కమురుతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే దానంతటదే ఆరిపోతుంది, మిగిలినది నలిపితే పొడి అయిపోతుంది. నూలు వెంటనే అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. యాక్రిలిక్ (ఫ్యాక్టరీలో చేసే కృత్రిమ దారం) కరుగుతూ మండుతుంది, చల్లారాక గట్టి నల్ల ముద్ద మిగులుతుంది, ఎంత నలిపినా నలగదు. పూర్తిగా చల్లారకుండా ముట్టుకోకండి. ఉన్నీ యాక్రిలిక్కూ కలిపిన దారమైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

మూడు సంచుల్లో వేరు చేయండి. నూలు వంటింటి వస్తువులకి. యాక్రిలిక్ రోజూ వాడి రోజూ ఉతికేవాటికి. ఉన్ని మాత్రం నిజంగా చలి ఉన్నచోట ఉండేవాళ్ళకీ, దాన్ని చేత్తో ఉతికే ఓపిక ఉన్నవాళ్ళకీ. ఆ ఓపిక లేనివాళ్ళకి ఉన్ని టోపీ ఇస్తే మొదటిసారి మెషీన్‌లో వేయగానే చంటిపిల్ల టోపీ అయి వస్తుంది.

తర్వాత వంటింటి డిజిటల్ కాటా తీయండి. ప్రతి ఉండ తూచి చీటీ అంటించండి. లేబుల్ మీద 100 గ్రాములకి 220 మీటర్లని ఉంటే, మీ దగ్గర మిగిలిన 35 గ్రాములంటే 77 మీటర్లు.

మొహమాటంలేదు
నవంబరు 9, ఉదయం 7:48

ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. చేత్తో అల్లిన కానుకలు తొంభై శాతం బీరువా పై అరలోకి వెళ్తాయి. ఈ ఊళ్ళో డిసెంబరు రాత్రి సుమారు 16 డిగ్రీలు. రికార్డు చలి ఎప్పుడో 1884 జనవరి 13న, 7.8 డిగ్రీలు. దానికోసం ఇప్పుడు మఫ్లర్లు అల్లడం ఎందుకు? ఊలు మనకి బరువైంది కాబట్టి ఇంకొకరికి అంటగడదామంటే అది కానుక కాదు, ఇల్లు సర్దుకోవడం.

వైట్‌ఫీల్డ్_వదిన
నవంబరు 9, ఉదయం 9:30

బయట 16 డిగ్రీలు సరే, లోపల సంగతేంటి? మా ఆఫీసులో ఏసీ కింద కూర్చుని మధ్యాహ్నం మూడింటికి శాలువా కప్పుకునేవాళ్ళే సగం మంది. ఈ ఊళ్ళో అసలు చలి టెక్ పార్కుల్లోనే ఉంది. వేళ్ళు బయటికి ఉండే చేతి తొడుగులు అల్లండి, కీబోర్డు కొట్టుకోవచ్చు. నిరుడు మా టీమ్‌లో ఒకావిడకి ఇస్తే మే నెలలో కూడా వేసుకుంది.

ఇక బైక్ మీద పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేవాళ్ళకి చెవుల పట్టీ. హెల్మెట్ కింద టోపీ పట్టదు, పలచటి పట్టీ అయితే పడుతుంది. ఎవరికైనా ఇచ్చే ముందు వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూడాలి గానీ, థర్మామీటర్ చూసి ఏం లాభం?

మొహమాటంలేదు
నవంబరు 9, ఉదయం 9:41

ఏసీ పాయింటు ఒప్పుకుంటా. మఫ్లర్ పాయింటు మాత్రం వదలను.

ఊలుబుట్ట
నవంబరు 9, రాత్రి 11:02

అగ్గిపుల్లల పని అయింది, ఇల్లంతా వాసన, మా ఆయన కిటికీలు తెరిచి తిరుగుతున్నారు. లెక్క ఇది. అత్తగారి ఉండల్లో ముదురు ఎరుపు, బూడిద రంగు అసలు ఉన్నే, రెండూ కలిపి 240 గ్రాములు. నూలు మూడు రంగులు, 310 గ్రాములు. మిగతాదంతా యాక్రిలిక్, దాదాపు కిలోన్నర, అందులో తెలుపే ఎక్కువ. ఇరవై గ్రాముల లోపు చిల్లర ఉండలు ఒక క్యారీబ్యాగ్ నిండా వేరే.

వదినా, చేతి తొడుగులకి ఎంత ఊలు కావాలి? ఎన్ని కుట్లు? గుండ్రంగా అల్లడం రాదు కదా.

రెండుసూదులు
నవంబరు 9, రాత్రి 11:25

గుండ్రంగా అక్కర్లేదు. 4 ఎంఎం సూదులు, మామూలు డీకే మందం దారం (మరీ సన్నం, మరీ లావు కానిది, 10 సెం.మీ.లో 22 కుట్లు వచ్చేది), జతకి 40 నుంచి 50 గ్రాములు. 42 కుట్లు ఎక్కించండి. రెండు నిట్టు, రెండు పర్లు రిబ్బింగు. వరస రెండు నిట్టులతో మొదలై రెండు నిట్టులతోనే ముగుస్తుంది. తిప్పాక రెండు పర్లులతో మొదలు. 17 సెం.మీ. వచ్చేదాకా అలాగే వెళ్ళి, వదులుగా మూసేయండి (అంటే కుట్లు సూది మీంచి దింపి, విడిపోకుండా అంచు కట్టేయడం). రిబ్బింగు సాగేది, మూసిన అంచు సాగకపోతే చెయ్యి దూరదు. అందుకే మూసేటప్పుడు కుడిచేతిలోకి ఒక సైజు పెద్ద సూది తీసుకోండి.

ఇప్పుడు ఆ చదరాన్ని నిలువుగా మడిచి అంచులు కలిపి కుట్టాలి. మణికట్టు వైపు నుంచి 9 సెం.మీ. కుట్టి, 5 సెం.మీ. బొటనవేలికి వదిలేసి, మిగతాది కుట్టండి. అయిపోయింది. అంచులు రెండు నిట్టులతో ముగిశాయి కాబట్టి కుట్టినచోట రిబ్బింగు కలిసిపోతుంది, జాడ తెలియదు.

టోపీకీ ఇదే లెక్క. పెద్దవాళ్ళ తల 54 నుంచి 57 సెం.మీ. ఉంటుంది, టోపీ దానికంటే నాలుగైదు సెం.మీ. తక్కువగా ఉండాలి, సాగి పట్టుకుంటుంది. 110 కుట్లు, అదే రిబ్బింగు, 60 నుంచి 80 గ్రాములు.

దీనికి నూలు వాడొద్దు. నూలుకి స్ప్రింగు ఉండదు. ఒకసారి సాగిన రిబ్బింగు మళ్ళీ దగ్గరికి రాదు.

కృపావరం_ఇల్లు
నవంబరు 10, మధ్యాహ్నం 2:15

మా చర్చి యూత్ డిసెంబరులో రాత్రిపూట క్రిస్మస్ పాటలు పాడుతూ కేరల్ రౌండ్లు తిరుగుతారు. ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు, అర్ధరాత్రి దాటుతుంది, సగం మంది బైకుల మీదే. వాళ్ళకి చెవుల పట్టీలే నిరుడు నేను ఇచ్చింది. 20 కుట్లు, అన్ని వరసలూ నిట్టే, 46 సెం.మీ. అయ్యాక రెండు కొసలూ కలిపి కుట్టడమే. పట్టీకి 25 నుంచి 30 గ్రాములు పట్టింది. మీ యాక్రిలిక్ చిల్లర దీనికి సరిగ్గా సరిపోతుంది, రంగు మధ్యలో మారినా పిల్లలు ఇంకా ఇష్టపడతారు.

అన్ని వరసలూ నిట్టు అల్లితే అంచులు చుట్టుకోవు, బల్లపరుపుగా ఉంటుంది. ఒక వరస నిట్టు, ఒక వరస పర్లు అల్లితే మాత్రం పట్టీ గొట్టంలా చుట్టేసుకుంటుంది, దాన్ని ఎంత సాగదీసి పరిచినా ఆగదు.

కొత్తగా_నేర్చుకుంటున్నా
నవంబరు 10, సాయంత్రం 6:40

నేనూ అడగొచ్చా? వంటింట్లో వేడి గిన్నెలు దించే మసిగుడ్డలు యాక్రిలిక్‌తో అల్లొచ్చా? నా దగ్గర అదే ఉంది, రంగులు బాగున్నాయి.

రెండుసూదులు
నవంబరు 10, సాయంత్రం 6:52

వద్దు. అస్సలు వద్దు. స్టవ్ మీంచి దించిన మూకుడు తగిలితే యాక్రిలిక్ కరిగి చేతికి అంటుకుంటుంది. మసిగుడ్డకి నూలే. అదీ రెండు పోగులు కలిపి, బిగుతుగా, రెండు పొరలు వేసి కుట్టండి. కుట్ల సందుల్లోంచి వేడి వస్తుంది, ఒక పొర చాలదు. గ్లాసు కింద పెట్టే చదరాలైతే యాక్రిలిక్ పర్వాలేదు.

మల్లేశ్వరం_సుబ్బలక్ష్మి_కోడలు
నవంబరు 10, రాత్రి 8:30

నూలు 310 గ్రాములు ఉందన్నారు కదా. స్టీలు గ్లాసులకి తొడుగులు అల్లండి! మా ఇంట్లో కాఫీ ఇప్పటికీ స్టీలు గ్లాసులోనే. వేడివేడిగా పోస్తే పైట చెంగుతో పట్టుకుని తాగడమే. గ్లాసు మధ్యభాగం చుట్టూ ఒక దారం చుట్టి కొలత తీసుకుని, దానికంటే ఒక సెం.మీ. తక్కువగా, అన్ని వరసలూ నిట్టులో, 6 సెం.మీ. వెడల్పు పట్టీ. ఒక సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే రెండు అవుతాయి. నాలుగు కలిపి రిబ్బను కట్టి ఇస్తే ఏ అత్తగారైనా వాడుతుంది. నూలు సాగుతుందని రెండుసూదులుగారు చెప్పింది నిజమే, అందుకే గ్లాసు అంచు కింద మెలిక ఉన్న రకానికి బాగుంటుంది, జారదు.

చిత్తూరు_చిన్నోడు
నవంబరు 11, ఉదయం 8:10

మగవాళ్ళు కూడా రాయొచ్చనుకుంటా. మా జేజి దగ్గర నేర్చుకున్నాను, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటా, కంపెనీ బస్సులో అల్లుతా. పక్కన కూర్చున్నవాళ్ళు మొదట నవ్వారు, ఇప్పుడు ఆర్డర్లు ఇస్తున్నారు.

ఊలు చాలుతుందా చాలదా అనే భయం పోవాలంటే ఒక ఉపాయం. మూడుకోణాల చిన్న స్కార్ఫు అల్లండి. మూడు కుట్లతో మొదలుపెట్టి, ఒకవైపు అంచున రెండు వరసలకోసారి ఒక కుట్టు పెంచుతూ పోండి. మధ్యమధ్యలో మిగిలిన ఉండని తూచండి. సగం బరువు మిగిలినప్పుడు పెంచడం ఆపి, అదే పద్ధతిలో తగ్గిస్తూ రండి. ఎంత ఊలుంటే అంత స్కార్ఫు, గ్రాము వృథా కాదు. అక్కా, మీ 240 గ్రాముల ఉన్నికి ఇదే సరి. చలి దేశంలో చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళకి.

ఇంకోటి. మామూలుగా ఒక వరసకి ఆ వెడల్పుకి సుమారు మూడు రెట్లు దారం పడుతుంది. మూసేయడానికి నాలుగు రెట్లు ఉంచుకుంటే నిశ్చింత.

ఊలుబుట్ట
నవంబరు 11, ఉదయం 8:55

తమ్ముడూ, మా ఆడపడుచు టొరంటోలో ఉంది, డిసెంబరు చివర్లో వస్తోంది. ఎరుపు ఆవిడకే. మొహమాటంలేదు గారూ, ఇది మఫ్లర్ కాదు, చూసుకోండి.

మొహమాటంలేదు
నవంబరు 11, ఉదయం 9:03

టొరంటోకి మంచం కూడా అల్లి పంపండి, నేనేమీ అనను.

పర్ల్_పిచ్చి
నవంబరు 11, రాత్రి 10:30

ఎరుపు, తెలుపు కలిపి క్రిస్మస్ వస్తువులు అల్లేవాళ్ళకి ఒక హెచ్చరిక. ముదురు ఎరుపు దారం ఒక మూర తడిపి, తెల్ల గుడ్డలో గట్టిగా నొక్కి అరగంట ఉంచండి. గుడ్డకి రంగు అంటితే తెలుపుతో కలపొద్దు. కలిపి అల్లాక తెలిస్తే చేసేదేమీ ఉండదు, మొత్తం గులాబీ రంగే.

రంగు ఒకటే అయినా వేర్వేరు లాట్లలో (వేర్వేరుసార్లు రంగు అద్దిన బ్యాచుల్లో) వచ్చిన ఉండలైతే, ఒకటి అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకండి. అడ్డంగా గీత కనిపిస్తుంది. రెండు వరసలు ఒక ఉండతో, రెండు వరసలు ఇంకో ఉండతో కలుపుకుంటూ పోతే తేడా కరిగిపోతుంది.

చిల్లర ఉండల క్యారీబ్యాగ్‌కి నా మందు మూల చదరాలు. 31 కుట్లు ఎక్కించి, ఒక వరస నిట్టు. తర్వాతి వరసలో 14 కుట్లు అల్లి, మధ్య మూడింటినీ కలిపి ఒకటిగా అల్లి, మిగతా 14 అల్లండి. తిప్పి ఒక వరస మామూలు నిట్టు. మళ్ళీ 13, మధ్య మూడు కలిపి, 13. ఇలా సాగుతుంటే తిన్నటి పట్టీ మెల్లగా మధ్యలో విరిగి మూల తిరుగుతుంది. ఆ తిరగడం చూడ్డానికే ఇంకో వరస, ఇంకో వరస అని కూర్చుంటాను నేను. చివరికి మూడు కుట్లు మిగులుతాయి, వాటినీ కలిపేసి దారం లాగేయడమే. చదరం 7 సెం.మీ., దాదాపు 3 గ్రాములు. పదహారు కుడితే చిన్న కుషన్‌కి ముందువైపు వస్తుంది. రెండు గ్లాసుల కింద పెట్టుకోవడానికి. ఒకటి తాళాల గుత్తికి. తెలుపులో అల్లి కొసకి దారం కడితే క్రిస్మస్ చెట్టుకి.

కొత్తగా_నేర్చుకుంటున్నా
నవంబరు 12, ఉదయం 7:15

రంగు మార్చేటప్పుడు ముడి వేసేయొచ్చా?

చిత్తూరు_చిన్నోడు
నవంబరు 12, ఉదయం 7:40

ముడి వేస్తే ఏదో ఒకరోజు ముందువైపుకి తొంగిచూస్తుంది. అసలు ఉన్ని అయితే రెండు కొసల పోగులూ విప్పి, సగం పోగులు కత్తిరించి, రెండూ కలిపి తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దు. వేడికి అతుక్కుపోతాయి. మెషీన్‌లో ఉతకొచ్చని రాసిన ఉన్ని మాత్రం ఇలా అతకదు. యాక్రిలిక్, నూలు అయితే పెద్ద కన్ను సూదితో ఒక కొసని దానిలోకే వెనక్కి గుచ్చి ఉచ్చు చేసి, ఇంకో కొసని అందులోంచి పోనిచ్చి దాన్నీ అలాగే వెనక్కి గుచ్చు. లాగితే ఒకటే దారం.

బసవనగుడి_బామ్మ
నవంబరు 12, సాయంత్రం 5:20

పిల్లలూ, అందరూ బాగా చెబుతున్నారు. పెద్దవాళ్ళకి ఇచ్చేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి. ఊలు మేజోళ్ళు ముచ్చటగా ఉంటాయి గానీ మన ఇళ్ళలో గ్రానైటు, నున్నటి టైల్సు. మేజోళ్ళు వేసుకుని లేచి నాలుగడుగులు వేస్తే జారతాం. నా వయసులో పడితే తుంటి ఎముకే. షుగర్ ఉన్నవాళ్ళకి మడమ పైన బిగుతు రిబ్బింగు మంచిది కాదు, అచ్చు పడుతుంది. మాకు ఒళ్ళో వేసుకునే చిన్న దుప్పటి ఇవ్వండి, భుజాల మీద వేసుకునే చిన్న శాలువా ఇవ్వండి. కళ్ళజోడు సంచీ ఇవ్వండి, అది రోజూ వెతుక్కుంటాం.

చంటిపిల్లలకి అల్లేవాళ్ళు సన్నటి రంధ్రాల డిజైను మానండి. ఆ రంధ్రాల్లో వేళ్ళు ఇరుక్కుంటాయి. మెడ దగ్గర కట్టే తాళ్ళు, నోట్లో పెట్టుకునే గుండీలు కూడా వద్దు. బొచ్చు రాలే ఊలు ముక్కులోకి పోతుంది.

పర్ల్_పిచ్చి
నవంబరు 12, సాయంత్రం 6:05

బామ్మగారూ, పిల్లలకి అసలు ఉన్నే ఇవ్వాలని, యాక్రిలిక్ ప్లాస్టిక్ కాబట్టి వద్దని మా ఇంట్లో గొడవ.

బసవనగుడి_బామ్మ
నవంబరు 12, సాయంత్రం 6:30

రోజుకి మూడుసార్లు కక్కే బిడ్డకి ఉన్ని ఎవరు ఉతుకుతారమ్మా? మెత్తటి నూలు అల్లు. అది లేకపోతే మెత్తటి యాక్రిలిక్. ముందు దాన్ని నీ మెడ దగ్గర కాసేపు పెట్టుకుని చూడు, దురద పెడితే పక్కన పెట్టేయ్.

మల్లేశ్వరం_సుబ్బలక్ష్మి_కోడలు
నవంబరు 13, ఉదయం 10:10

సంక్రాంతి సంగతి ఎవరూ ఎత్తలేదు! ఇక్కడ కన్నడవాళ్ళు ఎళ్ళు-బెల్ల పంచుతారు కదా. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు. పక్కన చక్కెర అచ్చులు, చెరుకుముక్క. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంటి నుంచీ వస్తుంది, మనమూ తిరిగి ఇవ్వాలి. అందరూ ప్లాస్టిక్ కవరే. నేను నూలుతో చిన్న సంచులు అల్లి అందులో పెట్టి ఇచ్చాను. 10 సెం.మీ. వెడల్పు, 24 పొడవు పట్టీ అల్లి మధ్యకి మడిచి రెండు పక్కలా కుట్టడమే, పై అంచు నుంచి మూడు వరసల కింద సూదితో తాడు గుచ్చాలి. సంచికి 15 గ్రాములు చాలు. నువ్వులు కుట్ల సందుల్లోంచి రాలిపోతాయి, కాబట్టి లోపల కాగితం పొట్లం తప్పదు. తర్వాత ఆ సంచుల్లో వాళ్ళు ఇయర్‌ఫోన్లు, చిల్లర డబ్బులు పెట్టుకోవడం చూశాను.

ఇదే సంచిలో భోగిపళ్ళ రోజు వచ్చిన పిల్లలకి చాక్లెట్లు కూడా.

వైట్‌ఫీల్డ్_వదిన
నవంబరు 13, ఉదయం 10:32

ఇది నేను కాపీ కొడుతున్నా. చిక్‌పేటకి వెళ్ళి నూలు తేవాలి.

ఊలుబుట్ట
నవంబరు 13, ఉదయం 10:35

వదినా, ఈ చర్చలో ఆ పేట పేరు ఎత్తొద్దు. మా ఆయన వెనకాల నిలబడి చదువుతున్నారు.

కృపావరం_ఇల్లు
నవంబరు 15, రాత్రి 9:50

అత్తగారి పాత ఉన్ని అన్నారు కదా, అల్లే ముందు వెలుతురులో విప్పి చూశారా? అక్కడక్కడా తెగి ఉంటే, ఇసుకలాంటి రవ్వలు రాలితే చిమ్మెట పట్టినట్టే. తినేది దాని పురుగు, అదీ ఉన్నినే, యాక్రిలిక్ జోలికి రాదు. జిప్ కవర్‌లో గాలి తీసి మూసి, వారం పైన డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవర్ తెరవొద్దు, లేకపోతే లోపల చెమ్మ చేరుతుంది. కలరా ఉండల్లో దాచినదైతే అల్లే ముందు రెండు మూడు రోజులు నీడలో గాలికి ఆరేయండి. ఆ వాసనతో కానుక ఇవ్వలేం.

ఊలుబుట్ట
డిసెంబరు 6, రాత్రి 10:18

ఇప్పటికి అయినవి: చేతి తొడుగులు మూడు జతలు, చెవుల పట్టీలు ఐదు, ఎరుపు స్కార్ఫు, గ్లాసు తొడుగులు రెండు సెట్లు. సంచులు సూదుల మీద ఉన్నాయి. మా మామగారికి బూడిద రంగు ఉన్నితో కళ్ళజోడు సంచీ. ఒక సూట్‌కేసు ఖాళీ అయింది, అందులో ఆయన అప్పుడే క్రికెట్ సామాను పెట్టేశారు.

సందేహం. యాక్రిలిక్ పట్టీలు కొంచెం వంకరగా ఉన్నాయి. ఇస్త్రీ పెట్టొచ్చా?

రెండుసూదులు
డిసెంబరు 6, రాత్రి 10:40

ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి. తగిలితే కుట్లు చదునై జీవం పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. రిబ్బింగు అయితే సాగే గుణమే పోతుంది. తడిపి, తువ్వాల్లో చుట్టి నీళ్ళు ఒత్తి, చాప మీద కావలసిన ఆకారంలో పరిచి గుండుసూదులు పెట్టి నీడలో వదిలేయండి. ఉన్ని స్కార్ఫుకీ అదే, కాకపోతే దాన్ని పిండొద్దు, గోరువెచ్చటి నీళ్ళలో కూడా రుద్దొద్దు.

ప్రతి కానుకకీ ఒక చీటీ కట్టండి. దారం ఏమిటో, ఎలా ఉతకాలో రెండు ముక్కలు. "ఉన్ని. చల్లనీళ్ళలో చేత్తో. పరిచి ఆరబెట్టాలి." వీలైతే వెనక అదే దారం ఒక మూర చుట్టి పెట్టండి, తెగితే బాగుచేసుకోవడానికి.

వైట్‌ఫీల్డ్_వదిన
డిసెంబరు 6, రాత్రి 10:44

చేతి తొడుగుల మూడో జత ఎవరికి? నా చెయ్యి చుట్టుకొలత 18.